మంచు ముందు, నీళ్ళు వెనుక

మొన్నటి చైత్రమాసంలో మా ఇంటికి కొత్త ఫ్రిజ్జు వచ్చినది. దాని తలుపులో ఒక చిన్న గూడు ఉన్నది. అందులో గ్లాసు ఆన్చితే చల్లని నీళ్ళు వస్తవి, మీట మార్చితే మంచుముక్కలు రాలుతవి. వెనుకవైపున పెన్సిలు లావున తెల్లని గొట్టం ఒకటి తోకవలె వ్రేలాడుతుంటుంది. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. వాళ్ళ అమ్మకు రెండేళ్ళుగా కుడిభుజం నొప్పి. బిందె వంచి సీసాలు నింపుకొనే శ్రమ తప్పించవలెనని అతడు కొని పంపినాడు. తెచ్చినవారు ప్లగ్గు పెట్టి, లోపలి దీపం వెలిగించి చూపి, ఆ తోకను నా చేతిలో పెట్టి, "దీనికి నీళ్ళ కనెక్షను మీరే ఇప్పించుకోవాలండీ" అని చెప్పి వెళ్ళిపోయినారు.

మా వీధి ప్లంబరు నా పూర్వవిద్యార్థి. సంధులు చెప్పినపుడు వాని ముఖంలో కనిపించని ఉత్సాహం ఆ గొట్టాన్ని చూసినపుడు కనిపించినది. సింకు క్రింద నీటిని కట్టి, పైపును కోసి, అక్కడొక 'టీ' వేసినాడు. దానికొక చిన్న వాల్వు, ఆ తరువాత ఫిల్టరు, అక్కడినుంచి గోడవెంట తెల్లగొట్టం. ఫ్రిజ్జును ముందుకు లాగవలసివస్తే గొట్టం తెగకుండా వెనుక రెండు చుట్లు వదులుగా ఉంచినాడు. కొత్త ఫిల్టరులోని బొగ్గుపొడి పోయేవరకు మొదటి నీళ్ళను బకెట్టులో పట్టి పారబోయించినాడు. మొదటి రోజు మంచు కూడా తినకూడదట. ఇంతవరకు అంతా శాస్త్రోక్తంగా జరిగినది.

మర్నాడు గ్లాసు ఆన్చితే దారపుపోగువంటి ధార వచ్చినది. గ్లాసు నిండటానికి నిమిషం పైబడినది. మంచుముక్కలు లోపల డొల్లగా, గాజుపెంకులవలె పలుచగా రాలినవి. మా ఇంటావిడ కాసేపు చూసి, "ఏమండీ, ఈపాటికి నేను కూజాలోంచి రెండు గ్లాసులు వంచుకు తాగి ఉందును" అన్నది.

తప్పు ఫ్రిజ్జుది కాదు, ప్లంబరుది కాదు. ఆ యంత్రం వెనుక విద్యుత్తుతో తెరుచుకొనే ఒక వాల్వు ఉంటుంది. మంచు అచ్చులు నిండటానికి అది కొన్ని సెకన్లపాటు మాత్రమే తెరుచుకొని మూసుకుంటుంది. నీళ్ళు ఎన్ని వచ్చినవని అది చూడదు, కాలాన్నే లెక్కిస్తుంది. ఆ కొద్ది సెకన్లలో అచ్చులు నిండవలెనంటే గొట్టంలో నీరు తోసుకొని రావలెను. చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోల ఒత్తిడి అయినా ఉండవలెనని దానితో వచ్చిన పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఒక కిలో ఒత్తిడికి పది మీటర్ల ఎత్తు కావలెను. మా మిద్దెమీది ట్యాంకు ఆ వాల్వుకు అయిదు మీటర్ల ఎత్తున కూడా లేదు. "ట్యాంకును నాలుగంతస్తుల మీద పెట్టించాలి మాస్టారూ, లేదా పంపు బిగించాలి" అన్నాడు నా శిష్యుడు.

మరి ఆ 1.4 కిలోల లెక్క ఎవరి ఇంటిని చూసి వ్రాసినారు? ఈ ప్రశ్న నన్ను వారం రోజులు పుస్తకాల వెంట తిప్పినది.

చల్లని నీళ్ళ కోరిక మనకు కొత్తది కాదు. హాలుని గాథాసప్తశతి నాటికే చలివేంద్రంలో బాటసారులకు నీళ్ళు పోసే ప్రపాపాలిక కవితలోకి ఎక్కినది. కాని ఆ చలువ మట్టికుండ ఇచ్చినది. అంతకుమించిన చలువ ప్రభువులకే. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీళ్ళలో పాత్రను త్రిప్పి లోపలి నీటిని చల్లబరచేవారనీ, కొలువు లాహోరులో ఉన్నప్పుడు 1586 నుంచి కొండలమీది మంచును తెప్పించేవారనీ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో వ్రాసినాడు. ఉత్తరాదిన మరొక ఉపాయం కూడా ఉండేది. చలికాలపు రాత్రులలో గడ్డి పరచి, దానిమీద లోతులేని మట్టిమూకుళ్ళలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లవారేసరికి పలుచని మంచు కట్టేది. అలహాబాదు ప్రాంతంలో చూసిన ఈ విధానాన్ని రాబర్ట్ బార్కరు అనే ఆంగ్లసేనాని 1775లో లండను రాయల్ సొసైటీకి వివరించినాడు. మన దక్షిణాది తీరంలో ఆ ఉపాయం సాగదు. పుష్యమాసంలో కూడా ఇక్కడి రాత్రి అంతటి చలి ఎరుగదు.

అందుచేత మద్రాసుకు మంచు సముద్రంమీద వచ్చినది, అదీ అమెరికానుంచి.

బోస్టను నగరంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు ఉండేవాడు. చలికాలంలో అక్కడి చెరువులు గడ్డకట్టుకొని పోతవి. ఆ గడ్డను కోసి ఉష్ణదేశాలకు అమ్మవచ్చునని అతడు తలచినాడు. 1806లో కరిబియన్ ద్వీపమైన మార్టినీకుకు మొదటి ఓడ పంపినాడు. ఊరంతా నవ్వినది. నష్టం వచ్చినది. అప్పులపాలై చెరసాలకు కూడా పోయినాడు. అయినా వదలలేదు. గుర్రాలు లాగే కోత పరికరాన్ని నథానియేల్ వైయెత్ అనువాడు 1825లో కల్పించిన తరువాత చెరువును చాళ్ళు చాళ్ళుగా గీచి, ఒకే కొలత గల దిమ్మెలుగా కోయడం సాధ్యమైనది. ఒకే కొలత గల దిమ్మెలు సందు లేకుండా పేరుతవి, సందు లేకపోతే కరుగు తక్కువ. చుట్టూ రంపపుపొట్టు కూరితే వేడి లోనికి దూరదు. 1833 మే నెలలో టస్కనీ అను ఓడ 180 టన్నుల మంచుతో బోస్టనునుంచి కలకత్తాకు బయలుదేరినది. భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, నాలుగు నెలల ప్రయాణం చేసి సెప్టెంబరులో చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలి ఉన్నవి. కరిగినది పోగా మిగిలినదే లాభమైనది.

మద్రాసులో ట్యూడర్ మంచును నిలువ చేయటానికి తిరువళ్ళిక్కేణి సముద్రతీరాన 1842లో ఒక గుండ్రని మేడ లేచినది. అదే 'ఐస్ హౌస్'. మసాచుసెట్స్ చెరువులో పుట్టిన మంచు అక్కడ దాగి ఉండి, ముఖ్యంగా దొరల బల్లలమీదికి, వారితోపాటు కొద్దిమంది ధనవంతుల ఇండ్లకు చేరేది. 1846-47 చలికాలంలో ట్యూడర్ మనుషులు వాల్డెన్ చెరువులో మంచు కోస్తుంటే దాని ఒడ్డున కుటీరం కట్టుకొని ఉన్న థోరో చూసినాడు. తన చెరువు నీళ్ళు మద్రాసు, బొంబాయి, కలకత్తా ప్రజల దాహం తీర్చబోతున్నవని 1854లో వెలువడిన 'వాల్డెన్'లో మురిసిపోయినాడు. భగవద్గీత చదువుకొన్న మనిషి గనుక గంగతో తన చెరువు కలిసినట్లే భావించినాడు. ఆ గ్లాసు ఎవరి చేతికి అందినదో ఆయనకు కనిపించి ఉండదు.

నేను 1983లో ఒక మిత్రునితో మద్రాసు వెళ్ళినపుడు ఆ మేడను వెలుపలినుంచి చూసినాను. అప్పటికి నాకు తెలిసినది ఒక్కటే: 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అక్కడ తొమ్మిది రోజులు బస చేసినారని. మంచు వ్యాపారం పోయిన తరువాత ఆ మేడను బిళిగిరి అయ్యంగారు అను న్యాయవాది కొన్నారు, స్వామికి ఆతిథ్యం ఇచ్చినది ఆయనే. తరువాత అది సోదరి సుబ్బలక్ష్మి నడిపిన బాలవితంతువుల వసతిగృహమైనది. నేడు వివేకానంద భవనం. ఆ పేటను మాత్రం జనం ఇంకా ఐస్ హౌస్ అనే పిలుస్తున్నారు.

తేదీలను ప్రక్క ప్రక్కన పెట్టుకొన్నపుడు నేను ఆగిపోయినది ఇక్కడ. ఐస్ హౌస్ కట్టినది 1842. మద్రాసు కోటకు ఏడుబావుల నీళ్ళు 1772నుంచి అందుతున్నమాట నిజమే. కాని రెడ్ హిల్స్ చెరువునుంచి నగరప్రజలకు నీటిపథకం వచ్చినది 1872లో. భూగోళం అవతలి మంచుకు, పొరుగు చెరువు నీళ్ళకంటే ముప్పై ఏళ్ళు ముందుగా దారి దొరికినది. కొనేవారున్న సరకు ఓడ ఎక్కి వచ్చినది, అందరికీ కావలసినది ఎదురుచూసినది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఆవిరిని అదిమి చల్లదనం పుట్టించే యంత్రానికి జేకబ్ పెర్కిన్స్ 1834లోనే పేటెంటు పొందినాడు. 1870 దశకంలో మద్రాసులో కూడా మంచు యంత్రాలు తిరుగనారంభించినవి, ఓడమంచుకు కాలం చెల్లినది. ఇరవయ్యవ శతాబ్దంలో యంత్రం చిన్నదై వంటింటికి చేరినది. మనదేశంలో గోద్రెజ్ వారి మొదటి ఫ్రిజ్జు 1958లో తయారైనది. అంతకు ముందే, 1953లో, అమెరికాలో సర్వెల్ సంస్థ తనంతట తానే నీళ్ళు నింపుకొని మంచు చేసే ఫ్రిజ్జును అమ్మకానికి తెచ్చినది. నా చేతిలో పెట్టిన తోకకు మూలపురుషుడు అదే.

అక్కడివారికి ఆ తోక కొత్త భారం కాలేదు. వారి పట్టణాలలో వీధిగొట్టం రాత్రింబవళ్ళు నిండే ఉంటుంది, ఎత్తైన ట్యాంకులూ పంపులూ ఇంటి కుళాయిలో మూడు నాలుగు కిలోల ఒత్తిడి నిలుపుతవి. సింకు క్రింద ఒక చిన్న మలుపు తిప్పుకొంటే చాలును. ఫ్రిజ్జు తన తోకతో ఒక నగరాన్నే పట్టుకొని ఉంటుందన్నమాట. మనకు వీధిగొట్టం రోజులో గంటో రెండు గంటలో నిండుతుంది. తక్కిన వేళ ఖాళీగా ఉండి, పగుళ్ళలోనుంచి మురికిని లోనికి పీల్చుకొంటుంది. అందుకే సంపు, మోటారు, మిద్దెమీద ట్యాంకు, ఫిల్టరు. నగరం చేయవలసిన పనిని మనదేశంలో ప్రతి ఇల్లూ విడివిడిగా చేసుకొంటున్నది. 2021లో ఒడిశాలోని పూరీలో ఇరవైనాలుగు గంటలూ తాగదగిన కుళాయినీరు ఇవ్వనారంభించినపుడు అది దేశమంతటా వార్త అయినది.

(కుళాయి అన్న మాట తమిళంలో గొట్టానికి ఉన్న పేరునుంచి వచ్చినదంటారు. శ్రీనాథుడు కన్నడ రాజసభకు పెట్టుకొని వెళ్ళిన కుళ్ళాయి టోపీ, అది వేరు. ఏటా పిల్లలు ఈ రెండింటినీ కలిపివేసేవారు.)

ఆ శ్రీనాథుడే మా పల్నాటి సీమలో నీళ్ళు దొరకక శివునితో తగవు పెట్టుకొన్నట్లు చాటువు ఉన్నది. మా సీమకు నీటి రాత మారినది నాగార్జునసాగరంతో. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసినారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలినారు. ఈనాడు మా వీధికి వచ్చేవి కుడికాలువ నింపిన చెరువు నీళ్ళే. అయినా చెరువుకు వచ్చిన నీళ్ళు ఇంటికి రావటానికి మరొక తరం పట్టినది. మా ఇంటికి మొదటి చిన్న ఫ్రిజ్జు వచ్చినది 1991లో, నా జీతంలోనుంచి నెలనెలా వాయిదాలు కట్టి కొన్నాను. కుళాయి వచ్చినది 1998లో. నడుమ ఆ ఏడేళ్ళు మా ఇంటావిడ వీధిచివరి బోరింగు కొట్టి, బిందె చంకన మోసుకొని వచ్చి, ఆ నీళ్ళను సీసాలలో పోసి ఫ్రిజ్జులో పెట్టేది. వేసవి సెలవులలో ఇంటికి వచ్చిన మిత్రులకు నేను ఆ సీసా తీసి, "మా ఇంట ఫ్రిజ్జు నీళ్ళండీ" అని గర్వంగా పోసేవాడిని. ఐస్ హౌస్ మీద నేను తీర్చిన తీర్పు మా వంటింటికీ వర్తించునని ఈ వ్యాసం వ్రాయబోయేవరకు నాకు తోచలేదు. భుజం నొప్పి ఎప్పటినుంచి మొదలైనదని డాక్టరు అడిగినపుడు ఆమె రెండేళ్ళని చెప్పినది. నేను ప్రక్కనే కూర్చొని తల ఊపినాను.

మూడవనాడు నా శిష్యుడు అరచేతి వెడల్పు పంపు ఒకటి తెచ్చి సింకు క్రింద బిగించినాడు. ట్యాంకునుంచి దిగే పైపుకే బిగించినాడు. వీధిగొట్టానికి మోటారు తగిలిస్తే పొరుగిళ్ళ నీళ్ళు లాగినట్లవుతుందని, అది నేరమని వాడే నాకు పాఠం చెప్పినాడు. గ్లాసు ఇప్పుడు పది సెకన్లలో నిండుతున్నది. మంచుముక్కలు గట్టిగా ఉన్నవి. కరెంటు పోతే మళ్ళీ దారపుపోగే. బోరునీళ్ళు మాత్రం ఆ ట్యాంకులోకి ఎక్కించవద్దన్నాడు. మా బోరు ఉప్పన, ఆ బొగ్గుఫిల్టరు ఉప్పును ఆపదు, సన్నని వాల్వులో సున్నం పేరుకొనిపోవును. ఊరికి వెళ్ళేటప్పుడు చిన్న వాల్వు కట్టివేయవలెను. ఫిల్టరు ఆరునెలలకు మార్చవలెను. ఇవన్నీ ఒక కాగితంమీద వ్రాసి ఫ్రిజ్జు ప్రక్కన అంటించినాను.

కూజాను అటకమీదికి ఎక్కించనా అని మా ఇంటావిడను అడిగినాను. "జ్యేష్ఠంలో కాలువ కట్టేస్తే ఏం చేస్తారు? అక్కడే ఉండనీయండి" అన్నది. ఇప్పుడు దానిని నింపేది నేను.