రెండువందల ఇరవై పానాలు

సోలాపూర్ నీలం నగర్‌లో మరమగ్గాల చప్పుడు నడుమ ఒక పద్మశాలి పెద్దాయన నాకు మట్కా జూదం లెక్క చెప్పాడు. "పానాలు మొత్తం 220. సింగిల్ 120, డబుల్ 90, ట్రిపుల్ 10. గంతకు మించి ఒక్కటి లేదు బిడ్డా" అన్నాడు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయిన మనిషి. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూస్తే అక్షరాలా అంతే! ఆ సంతోషంతోనే ఇది రాస్తున్నాను.

పానా అంటే మూడంకెల గుంపు. ఏది ముందు, ఏది వెనక అన్నది లెక్కలోకి రాదు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న పది అంకెల్లో మూడు వేర్వేరువి తీస్తే 120 గుంపులు. ఒకటి జంటగా, మరొకటి ఒంటిగా పడితే పది తొమ్మిదులు 90. మూడూ ఒకటే అయితే 10.

ఈ జూదం పుట్టింది పత్తిలోనే. న్యూయార్క్ నుంచి బొంబాయికి టెలిప్రింటర్‌లో వచ్చే పత్తి ధరల మీద పందేలు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగింది. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంత మట్కాలు పెట్టారు. నూలు వడికి, బట్ట నేసి సంపాదించిన మిల్లు కూలీల డబ్బు పత్తి పేరుతో మొదలైన పందెంలోకే పోయింది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి బతకడానికి సోలాపూర్ వచ్చిన నేతగాళ్లను తలచుకుంటే నాకిది కష్టంగానే ఉంటుంది.

లెక్క మాత్రం మట్కా కన్నా పదకొండు వందల ఏళ్లు పెద్దది, అదీ ఈ చుట్టుపక్కలదే. సోలాపూర్‌కు పొరుగున ఉన్న కలబురగి జిల్లాలోని మల్ఖేడ్ ఒకప్పటి మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతాన, జైనుడైన మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. పై వరుసలో అంకెలు దిగుతూ, కింది వరుసలో ఎక్కుతూ రాసి, పై లబ్ధాన్ని కింది లబ్ధంతో భాగించమన్నాడు. పది, తొమ్మిది, ఎనిమిది పైన. ఒకటి, రెండు, మూడు కింద: 720ని 6తో భాగిస్తే మన 120 సింగిల్ పానాలు. ఎన్ని వస్తువులకైనా సరిపోయే ఈ సూత్రం చెప్పిన ఘనత కొందరు చరిత్రకారులు ఆయనకే ఇస్తారు.

ఆయన ఇచ్చిన ఉదాహరణలు నాకు ప్రాణం. వజ్రం, నీలం, పచ్చ, పగడం, ముత్యంతో ఎన్ని రకాల హారాలు కూర్చవచ్చు? వగరు, చేదు, పులుపు, కారం, ఉప్పు, తీపి కలిపితే ఎన్ని రుచులు? ఒక్కొక్కటీ 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, ఆరూ కలిసి 1. మొత్తం 63. ఆ చివరి ఒక్కటే ఉగాది పచ్చడి! సుశ్రుత సంహితలోనూ ఇవే అరవై మూడు.

మహావీరాచార్యుడి గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. 11వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ పుస్తకం తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా పేరుపొందింది. జైనం ఉన్నచోట శివుణ్ణి నిలిపి, తన పాఠకులకు దగ్గర చేశాడు. అలాంటి పుస్తకమున్న భాషలో పిల్లలు ఇవాళ ఈ పాఠాన్ని ఎన్‌సీఆర్, ఎన్‌పీఆర్ అని బట్టీపడుతున్నారు. హారాలూ పోయాయి, రుచులూ పోయాయి. ఇది చిన్న నష్టమని నేననుకోను.

తర్వాత 1150లో వచ్చిన భాస్కరుడి 'లీలావతి'లోనూ ఈ లెక్క ఉంది. 1749లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ జెనోవా తరహా లాటరీ పెట్టవచ్చా అని గణితవేత్త ఆయిలర్‌ను అడిగాడు. 90 అంకెల్లోంచి 5 తీసే ఆట అది, గుంపులు 4,39,49,268. మన దగ్గర 1998 లాటరీల చట్టం ఒక్కంకె మీద బహుమతి ఇవ్వడాన్ని నిషేధించింది. మట్కా ఎటూ చట్టం ఒప్పుకోని ఆటే.

పెద్దాయన లెక్కకు ఒక్కటి కలపాలి. పానాలు 220 కనుక దేనికైనా 220లో ఒక వంతు అవకాశం అనుకోకూడదు. అంకెలు నిజాయితీగా, దేనికదే పడితే వరుసలు వెయ్యి. 1, 2, 3 ఆరు వరుసల్లో రావచ్చు. 1, 1, 2 మూడింట్లో. 1, 1, 1 ఒక్కదాంట్లోనే. కాబట్టి సింగిల్ పానా వెయ్యికి ఆరు, డబుల్ మూడు, ట్రిపుల్ ఒకటి. ఇక రెండంకెల జోడీలు వంద. రూపాయికి తొంభై ఇచ్చే చోట వంద జోడీల మీదా తలా రూపాయి కాసినా చేతికొచ్చేది తొంభై. మిగతా పది ఆట నడిపేవాడివి.