మొరవ పోయే చెరువుకు దిక్కెవరు?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

2024 డిసెంబరు 2 ఎలా తెల్లవారిందో మత్తూరు చుట్టుపక్కల ఉన్న మనలో ఎవరమూ మరచిపోలేదు. ఫెంగల్ తుపాను నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిందని విని, ఇక మనకేం కాదులే అనుకున్నాం. సముద్రమెక్కడ, మనమెక్కడ! ఆ తుపాను మెల్లగా లోపలికొచ్చి మన నెత్తిన కురిసింది. ఊత్తంగరైలో 24 గంటల్లో 50 సెంటీమీటర్ల వాన పడింది. మన జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసేదాంట్లో సగానికి పైగా ఒక్క రోజులో పడిందన్నమాట. చెరువు పొంగి, ఊత్తంగరై బస్టాండు దగ్గర నిలిపిన వ్యాన్లు, కార్లు కొట్టుకుపోతున్న వీడియో మన ఫోన్లన్నిటికీ వచ్చింది. పోచంపల్లిలో పోలీస్ స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి. ఆపదలో మనం పరుగెత్తి పోయే చోటే మునిగితే ఇంకెక్కడికి పోతాం?

ఆ వారం మనం బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంచాం. మంచి పనే చేశాం. కానీ పంచేటప్పుడు ఒక పెద్దాయన దుప్పటి చంకలో పెట్టుకుని, "ఇది సరేప్పా, చెరువు కాలవ ఎవురు తీసేది?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పాత సంగతులు తిరగేస్తే తేలింది ఇది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు రాతి మీదే జవాబు చెక్కిన చోటు ఒకటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. విజయనగరపు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, 1369లో దాన్ని కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనం చెబుతుంది. అంతకంటే విలువైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువుకుండే ఆరు దోషాలనూ అందులో వరసగా రాసిపెట్టారు. అంగాల్లో మొదటిది డబ్బూ ధర్మమూ ఉన్న రాజు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. చివరిది కట్టే పనిలో చేయి తిరిగిన జనం. అంటే ప్రభుత్వం, చదువు, ఊరి చేతులు మూడూ కలిస్తేనే చెరువని 650 ఏళ్ల కిందటే తేల్చేశారు. ఆ చెరువు కింద ఈనాటికీ పంట పండుతోంది.

దోషాల్లో రెండు మనకు బాగా తగులుతాయి. నీళ్లు ఎక్కువై, అవి నిలిచే చోటు తక్కువైతే అది దోషం. 2024లో మన చెరువుల్లో చూసింది అదే. చెరువు రెండు రాజ్యాల పొలిమేర మీద ఉంటే అదొక దోషం. నంది కొండల్లో పుట్టి, కర్ణాటక దాటి, హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములోకి వచ్చే దక్షిణ పెన్నను తలచుకుంటే ఆ రాసినాయన మన ఊరి వాడేమో అనిపిస్తుంది.

కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. అందుకు మనవాళ్ల దగ్గర దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత ఖర్చుతో చెరువు తవ్వినవాడికీ, బాగుచేసినవాడికీ పన్నులో పదో వంతు విడిచిపెట్టడమో, అందుకు బదులు భూమి ఇవ్వడమో చేసేవారు. దానికి బదులుగా కట్ట, తూము, మొరవ చూసుకునే పూచీ ఆ ఇంటివాళ్ల మీద ఉండేది. మడికి నీళ్లు పారించడానికి నీరుగంటి ఉండేవాడు, పంటలో అతనికి మేర కొలిచేవారు. ఏటా వానలకు ముందు ఊరంతా పలుగూ పారా పట్టి కాలువ తీసేది. తమిళంలో దీన్నే కుడిమరామత్తు అంటారు. ఇదంతా ధర్మరాజు పాలన అని మేము చెప్పబోవడం లేదు. ఎవరి వంతు మట్టి ఎవరు మోశారో, నీళ్లు ఎవరి మడికి ముందు పోయాయో అడిగితే ఆ కాలపు గుట్టు బయటపడుతుంది. మట్టి మోసిన చేతులన్నిటికీ మడి లేదు. అయినా ఒక్క సంగతి మాత్రం నిజం: చెరువు తెగకముందే ఎవరి పని ఏమిటో అందరికీ తెలిసి ఉండేది.

1792లో టిప్పు సుల్తాన్ చేతి నుంచి మన బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఇక్కడే రైతు రైతునా విడిగా పన్ను కట్టే పద్ధతికి పునాది వేశారు. పొలం ఒక్కొక్కరిది, చెరువు అందరిది. పన్ను లెక్క ఒక్కొక్కరితో మొదలయ్యేసరికి అందరిదైన చెరువు ఎవరిదీ కాకుండా పోయిందని మా అభిప్రాయం. ఇనాములు తగ్గాయి, పూచీ సడలింది. చివరికి 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. కట్ట తెగి ఊరు మునిగే ప్రమాదం వస్తే జనాన్ని బలవంతంగానైనా పనికి పిలవొచ్చు. ఆనవాయితీ పనికి రానివాడి దగ్గర ఆ కూలికి రెట్టింపు వసూలు చేయొచ్చు. ఊరు తనకు తానే చేసుకున్న పనికి చట్టం కావలసి వచ్చిందంటే అప్పటికే లోపల ఏదో విరిగిందనే కదా.

ఆ విరిగినదాని ధర 1876-78 కరువులో తెలిసింది. అప్పుడు హోసూరు, కృష్ణగిరి, ఊత్తంగరై తాలూకాలు సేలం జిల్లాలో ఉండేవి. 1871 జనాభా లెక్కల్లో సేలం జిల్లాలో సుమారు 19 లక్షల 67 వేలమంది. 1881లో 16 లక్షలే. పెరగాల్సిన చోట మూడున్నర లక్షలకు పైగా తగ్గారు. చచ్చినవాళ్లు, వలస పోయినవాళ్లు, పుట్టకుండా పోయినవాళ్లు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. దాతృత్వం లేక కాదు. గంజి కేంద్రాలు పెట్టారు, లండన్ మేయరు చందాలు వసూలు చేసి పంపాడు. అవన్నీ కరువు వచ్చాక వచ్చినవి. చెరువులను వరసగా పరిశీలించి బాగుచేసే పథకం మద్రాసు రాష్ట్రంలో మొదలైంది 1883లో.

ఆపద వచ్చాక ఇచ్చే చేయికీ, రాకముందు వేసే చేయికీ తేడా చూడాలంటే కోస్తాకు పోవాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలు పోగుచేశారు. రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు ఊళ్లకు ఊళ్లే కట్టి ఇచ్చాయి. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మేలో అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా తీరాన్ని కొట్టినప్పుడు చనిపోయినవాళ్లు సుమారు వెయ్యిమంది. వెయ్యి చిన్న సంఖ్య కాదు. కానీ పదివేలు వెయ్యి కావడం వెనుక చందాల కంటే ముందుచూపు పెద్దదని మేము నమ్ముతాం.

మళ్లీ మన గడపకు వద్దాం. 2017 నవంబరు 29న కృష్ణగిరి డ్యాము మొదటి షట్టరు విరిగింది. తుపానూ లేదు, ఏమీ లేదు. పాత ఇనుము విరిగింది, నీళ్లు పోయాయి, కింద పెన్న ఒడ్డు ఊళ్లకు హెచ్చరిక పోయింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం కుడిమరామత్తును ఆ పాత పేరుతోనే మళ్లీ తెచ్చింది. పని ఖర్చులో పది శాతం ఆయకట్టు రైతుల సంఘం భరించాలని అప్పట్లో పెట్టారు, డబ్బుగానో, సరుకుగానో, కూలిగానో. నవ్వొచ్చే సంగతేమిటంటే, దశబంధంలో పదో వంతు ప్రభుత్వం విడిచిపెట్టేది, ఈ పథకంలో పదో వంతు మనం పెట్టాల్సి వచ్చింది. పోనీ, పూచీ మళ్లీ మన మీదికి వచ్చిందని సంతోషిద్దాం.

ఇక మిగిలింది కంపెనీలు. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ మొదలుకుని చిన్న వర్క్‌షాపుల దాకా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2019లో ఆ పనుల జాబితాలో విపత్తు నిర్వహణను కూడా చేర్చారు. కాబట్టి అడగడానికి దారి ఉంది. మామూలుగా మనం అడిగేది బడికి బెంచీలు, నీళ్ల ట్యాంకు, పండగకు ప్రకటన. చెరువు మొరవకు రాతి కట్టుబడి కావాలని, వంకలో పూడిక తీయడానికి జేసీబీ నాలుగు రోజులు కావాలని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఫోటో దిగడానికి అందులో ఏముంటుందని వాళ్లు అనుకోవచ్చు. మనం కూడా అలాగే అనుకున్నాం, దాపరికం ఎందుకు.

చెరువు ప్రభుత్వానిది, అనుమతి లేకుండా పార వేయకూడదు. అందుకని మొదట జలవనరుల శాఖకు, పంచాయతీకి అర్జీ ఇవ్వాలి. ఏ మొరవ ఎంత వెడల్పు ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది, మధ్యలో ఎవరి గోడ లేచింది అన్నది కొలిచి రాసుకుని ఇవ్వాలి. ఆ గోడల్లో మన సభ్యులవి కూడా ఒకటో రెండో ఉండొచ్చు. అప్పుడు ఏం చేద్దామన్నది కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

ఈశాన్య రుతుపవనం అక్టోబరులో దిగుతుంది. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు మత్తూరు బస్టాండు దగ్గర కలుద్దాం. కొలత టేపు, నోటు పుస్తకం మేము తెస్తాం. పాత మొరవ ఎక్కడిదాకా ఉండేదో చూపగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను బండి మీద ఎక్కించుకు రండి. దుప్పటి తీసుకున్న ఆ పెద్దాయనకు కూడా కబురు పెట్టాం.