విమానాలలో ద్రవ పదార్థాలపై ఆంక్షలు: నేపథ్యం, నిబంధనలు, మినహాయింపులు

అంతర్జాతీయ విమానాలలో ప్రయాణికులు తమ వెంట చేతిసంచిలో తీసుకువెళ్లే ద్రవ పదార్థాలపై 2006వ సంవత్సరం నుండి పరిమితులు అమలవుతున్నాయి. ఒక్కొక్క సీసా లేదా డబ్బా 100 మిల్లీలీటర్లకు మించరాదన్నది వీటిలో ప్రధానమైనది. ఇన్నేళ్లు గడచినప్పటికీ భద్రతా తనిఖీల వద్ద నెయ్యి డబ్బాలు, పచ్చడి సీసాలు వదిలివేయవలసి వస్తున్నవారు నేటికీ కనిపిస్తున్నారు. మరోవైపు, నిబంధనలలోనే ఉన్న మినహాయింపులు తెలియక పసిబిడ్డల తల్లులు, రోగులు ఇబ్బంది పడే అవకాశమున్నది. కొన్ని విదేశీ విమానాశ్రయాలు 2025 నుండి పరిమితిని సడలించడంతో ఏది ఎక్కడ వర్తిస్తుందన్న సందేహం కూడా తోడయింది. ఈ దృష్ట్యా సంబంధిత వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

నేపథ్యం

ద్రవరూపంలోని పేలుడు పదార్థాల వలన ముప్పు 2006కు పూర్వమే అనుభవంలోకి వచ్చింది. 1987 నవంబరు 29న కొరియన్ ఎయిర్ 858 విమానం అండమాన్ సముద్రం మీదుగా వెళుతుండగా పేలిపోయి 115 మంది మరణించారు. రేడియోలో అమర్చిన బాంబుతోపాటు మద్యం సీసాలో నింపిన ద్రవ పేలుడు పదార్థాన్ని ఉత్తర కొరియా గూఢచారులు విమానంలో ఉంచి, అబుదాబిలో దిగిపోయినట్లు దర్యాప్తులో వెల్లడైంది. 1994 డిసెంబరు 11న ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ 434 విమానంలో జరిగిన పేలుడులో ఒక జపాన్ ప్రయాణికుడు మృతి చెందాడు. అందులో వాడిన నైట్రోగ్లిసరిన్‌ను కాంటాక్ట్ లెన్సుల ద్రావణం సీసాలో విమానంలోకి చేర్చారు.

అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ప్రయాణించే పలు విమానాలను ఒకేసారి పేల్చివేసేందుకు పన్నిన కుట్రను భగ్నం చేసినట్లు 2006 ఆగస్టు 10న బ్రిటన్ పోలీసులు ప్రకటించారు. శీతల పానీయాల సీసాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆధారిత మిశ్రమాన్ని నింపి తీసుకువెళ్లాలన్నది నిందితుల పథకం. ఈ కేసులో ముగ్గురు దోషులుగా తేలగా, 2009లో వారికి జీవిత ఖైదు విధించబడింది.

కుట్ర బయటపడిన వెంటనే బ్రిటన్, అమెరికాలలో చేతిసంచులలో ద్రవాలను దాదాపు పూర్తిగా నిషేధించారు. బ్రిటన్‌లో పసిపిల్లల పాలను సైతం వెంట ఉన్న పెద్దలు రుచి చూపిన మీదటే అనుమతించారు. అమెరికా సెప్టెంబరులోను, ఐరోపా సమాఖ్య 2006 నవంబరు 6 నుండి, పూర్తి నిషేధం స్థానంలో పరిమాణ నియంత్రణను ప్రవేశపెట్టాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2007 మార్చి 1 నాటికి ఇదే విధానాన్ని పాటించవలసిందిగా సభ్య దేశాలకు సిఫారసు చేసింది. భారతదేశంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో అంతర్జాతీయ ప్రయాణాలకు ఈ నిబంధనలను అమలుపరుస్తున్నది. 1985 జూన్ 23న 329 మందిని బలిగొన్న కనిష్క విమాన దుర్ఘటన దరిమిలా, 1987 ఏప్రిల్ 1న ఈ బ్యూరో స్వతంత్ర విభాగంగా ఏర్పాటయింది.

ప్రధాన నిబంధనలు

1. ద్రవాలు, జెల్‌లు, పేస్టులు, స్ప్రేలు ఏవైనా 100 మిల్లీలీటర్లకు మించని సీసాలు లేదా డబ్బాలలో ఉండాలి.

2. వాటన్నింటినీ ఒక లీటరుకు మించని, తిరిగి మూయగల పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి. ఒక ప్రయాణికునికి ఒక సంచి మాత్రమే అనుమతిస్తారు.

3. తనిఖీ సమయంలో ఆ సంచిని విడిగా చూపవలసి ఉంటుంది.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది సీసా పరిమాణమే గాని, అందులో మిగిలి ఉన్న పదార్థం కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కొద్దిగా నూనె ఉన్నప్పటికీ అనుమతించరు. తాగునీరు, నూనె, అత్తరు, షాంపూలతో పాటు టూత్‌పేస్టు, తేనె, నెయ్యి, పెరుగు, జామ్, నూనెతో కూడిన ఊరగాయలు కూడా ఈ వర్గంలోకే వస్తాయి. అమెరికా, గల్ఫ్ దేశాలలోని తమ పిల్లల వద్దకు వెళ్లే తెలుగువారు ఈ అంశాన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, నెయ్యి వంటివి కారిపోకుండా గట్టిగా కట్టి చెక్-ఇన్ సామానులో వేయడం శ్రేయస్కరం. అయితే గమ్యస్థాన దేశం ఆహార పదార్థాల దిగుమతిపై విధించే నియమాలు వేరుగా ఉంటాయి.

దేశీయ విమానాలకు ఈ 100 మిల్లీలీటర్ల నియమం ఇదే రీతిలో వర్తించదు. తాగునీటి సీసాను అనుమతించడం పరిపాటి. పెట్రోలు, ఆమ్లాల వంటి ప్రమాదకర ద్రవాలను మాత్రం చేతిసంచిలోగాని, చెక్-ఇన్ సామానులోగాని అనుమతించరు.

మినహాయింపులు

ప్రయాణ కాలానికి అవసరమైన మందులు, పసిపిల్లల పాలు, ఆహారం, ఆరోగ్య కారణాల వలన తప్పనిసరి అయిన ప్రత్యేక ఆహారం 100 మిల్లీలీటర్లకు మించినప్పటికీ తీసుకువెళ్లవచ్చును. వీటిని సంచిలో దాచి ఉంచక, తనిఖీకి ముందే సిబ్బందికి తెలియజేయాలి. ఇన్సులిన్ వంటి మందులు వాడేవారు వైద్యుని చీటీని వెంట ఉంచుకొనడం మంచిది.

సుంకరహిత దుకాణాలలో కొన్న మద్యం, సుగంధ ద్రవ్యాలను దుకాణదారు ప్రత్యేక భద్రతా సంచిలో ఉంచి, రసీదుతో సీలు వేసి ఇస్తారు. గమ్యం చేరేవరకు ఆ సీలు తీయరాదు. దారిలో విమానం మారవలసినవారు, మధ్యలోని విమానాశ్రయంలో మరల తనిఖీ జరుగుతుందన్న విషయం గమనించాలి. అక్కడి నియమాలు వేరైనా, సీలు తెరచి ఉన్నా సరుకును కోల్పోవలసి వస్తుంది.

సడలింపుల దిశగా

సాధారణ ఎక్స్‌రే యంత్రంలో మంచినీటికి, పేలుడు ద్రావణానికి గల భేదాన్ని గుర్తించడం కష్టం. ఆంక్షలకు మూలం ఇదే. కంప్యూటెడ్ టోమోగ్రఫీ పద్ధతిలో పనిచేసే కొత్త యంత్రాలు సంచిని అనేక కోణాల నుండి పరిశీలించి, త్రిమితీయ చిత్రం ద్వారా పదార్థపు సాంద్రతను మరింత కచ్చితంగా అంచనా వేస్తాయి. వీటి ఆధారంగా ఐరోపాలో కొన్ని విమానాశ్రయాలు పరిమితిని ఎత్తివేసినప్పటికీ, 2024 సెప్టెంబరు 1 నుండి ఐరోపా సమాఖ్య 100 మిల్లీలీటర్ల నియమాన్ని తిరిగి విధించింది. 2025లో కొన్ని యంత్రాలకు ఆమోదం లభించిన పిమ్మట పలుచోట్ల సడలింపు మొదలయింది. బ్రిటన్‌లోని ఎడింబరో, బర్మింగ్‌హామ్ విమానాశ్రయాలు అదే సంవత్సరం రెండు లీటర్ల వరకు గల సీసాలను అనుమతించాయి.

అయితే సడలింపు ఆ యంత్రాలున్న విమానాశ్రయాలకే పరిమితం. వెళ్లేటప్పుడు అనుమతించిన సీసాను తిరుగు ప్రయాణంలో అనుమతించకపోవచ్చును. కావున తమ మార్గంలోని విమానాశ్రయాలన్నింటిలో అత్యంత కఠినమైన నియమాన్నే ప్రమాణంగా తీసుకొని సామాను సర్దుకొనడం క్షేమకరం. ఆంక్షలతోపాటు మినహాయింపులకు కూడా తగిన ప్రచారం కల్పించినపుడే ప్రయాణికుల భద్రత, సౌకర్యం రెండూ నెరవేరగలవు.