పేదరిక భయం

ఉన్నది చేజారిపోతుందని, నలుగురిలో చెయ్యి చాచాల్సి వస్తుందని మనిషిని లోలోపల తినేసే దిగులే పేదరిక భయం. పేదవారికే పరిమితమైనది కాదిది. ఒకే ఆఫీసులో ఒకే జీతం తీసుకునే ఇద్దరిలో ఒకరు నెలాఖరుకు ఖాతాలో రెండు వేలే మిగిలినా హాయిగా నిద్రపోతారు. ఇంకొకరు బీరువాలో ఎఫ్‌డీ కాగితాలు పెట్టుకుని కూడా పాల ప్యాకెట్ లెక్క రాస్తారు.

ఈ తేడాలో కొంత స్వభావానిది. వ్యక్తిత్వాన్ని అయిదు గుణాలుగా కొలిచే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాటిలో ఒకదాన్ని ఆందోళన పడే తత్వంగా గుర్తిస్తారు. అది ఎక్కువగా ఉన్నవారికి చిన్న ఖర్చు కూడా ముంచుకొచ్చే ఆపదలా కనిపిస్తుంది. పైగా, వచ్చిన వంద ఇచ్చే సంతోషం కన్నా పోయిన వంద పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రజ్ఞులు డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించారు. బతికి చెడ్డ కుటుంబాల్లో ఈ భయం ఎందుకంత గాఢంగా ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అయితే స్వభావం మీదే నెపం వేయడం అన్యాయం. తమిళనాడు చెరకు రైతులపై 2013లో వెలువడిన అధ్యయనం ఇందుకు గట్టి ఆధారం. కోతకు ముందు చేతిలో డబ్బాడక, ఇంట్లో వస్తువులు కుదువ పెట్టుకునే రోజుల్లో ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో రైతులు వెనకబడ్డారు. పంట డబ్బు చేతికందాక అదే రైతులు మెరుగ్గా చేశారు. మనిషి మారలేదు, గుణం మారలేదు. డబ్బు గురించిన చింతే బుర్రలో చోటంతా ఆక్రమించిందని పరిశోధకుల వివరణ. అప్పులో ఉన్నవాణ్ణి ముందుచూపు లేనివాడని తీసిపారేసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ చింతకు కారణాలూ లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో పరిశోధకుడు అనిరుధ్ కృష్ణ జరిపిన పరిశీలనలో, నిలదొక్కుకున్న కుటుంబాలు సైతం పేదరికంలోకి జారడం కనిపించింది. జబ్బులు, వైద్యం ఖర్చు, పెళ్లిళ్లు, కర్మకాండలు, అధిక వడ్డీ అప్పులు అందుకు ముఖ్య కారణాలు. ఇంటిపెద్ద మంచాన పడితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: రాబడి ఆగిపోతుంది, ఖర్చు మొదలవుతుంది. మొదట చేబదులు, తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీ, ఆపైన మెడలోని బంగారం. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్స భారాన్ని కొంతవరకు తగ్గించింది. రోగి పక్కన కూర్చున్నవారు పోగొట్టుకునే కూలి మాత్రం ఆ లెక్కలోకి రాదు.