కుడికి మీట వేస్తే ఎడమ దీపం

"తాతా, ఆటో!"

మనవడు అరిచేలోపే పాల ఆటో పక్కకు వచ్చేసింది. మడకశిర దాటాక గుడిబండ దారిలో, తోట మలుపు దగ్గర కుడికి తిరుగుతున్న అంబాసిడర్‌ను అది దాటబోయింది. డ్రైవరు బ్రేకు తొక్కి, బండిని రోడ్డు దించి, కంపచెట్ల మొదట్లో ఆపాడు. దిగి వస్తూనే కేకలేశాడు.

"ఇండికేటర్ ఎయ్యకుండా తిప్పుతావేంది సామీ?"

పెద్దాయన వేశారు. మీట ఇంకా కుడివైపే ఉంది. వెనక సీట్లో ధర్మవరంలో తీసుకున్న పెళ్లి పట్టుచీరలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకు నోట మాట రాలేదు.

ఆ బండి 1985లో, హిందూపురం నుంచి ఎన్టీ రామారావు మొదటిసారి గెలిచిన ఏడాది, పెద్దాయన కొన్న మార్క్ 4. మనవడు పెళ్లికొడుకై అందులోనే ఊరేగాలని ఆయన కోరిక. అందుకే ఈమధ్యే తెల్లగా రంగు వేయించారు.

ఊళ్లో ఎలక్ట్రీషియన్ చూసి ఫ్లాషర్ పోయిందన్నాడు. టిక్కు టిక్కుమనే చప్పుడు మందగించింది కాబట్టి ఎవరికైనా మొదట దాని మీదే అనుమానం. పాతరకం ఫ్లాషర్‌లో వేడికి వంగే రేకు ఉంటుంది. ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులు వెలిగితే, 12 వోల్టుల బండిలో మూడున్నర యాంపియర్ల కరెంటు పారుతుంది. ఆ వేడికే రేకు వంగుతుంది, చల్లారి మళ్లీ అతుక్కుంటుంది. ఒక బల్బుకు కరెంటు అందకపోతే వేడి చాలదు, చప్పుడు నీరసిస్తుంది. అంటే ఫ్లాషర్ తప్పు చేయడం లేదు, తప్పు జరిగిందని చెబుతోంది. అతను ఫ్లాషర్ మార్చాడు, బల్బూ మార్చాడు. ఫలితం లేదు.

హిందూపురం నుంచి వయసు మళ్లిన మిస్త్రీని పిలిపించారు. ఆయన సంచిలో కొత్త సామానేమీ లేదు. లైట్లన్నీ ఆపి, కుడివైపు మీట వేయించి, మనవణ్ణి బండి వెనక నిలబెట్టాడు.

"ఏమప్పా, ఏం కనపడతాంది?"

"కుడిపక్క ఇండికేటర్ వెలగల్యా. ఎడమపక్క ఎర్రలైటు మాత్రం సన్నంగా వెలుగుతాంది."

"బ్రేకు నువ్వేమైనా తొక్కినావా అన్నా?"

"లేదప్పా, కాలు కిందనే ఉండాది."

మిస్త్రీ డిక్కీ తెరిచి టెస్ట్ లాంపు పెట్టాడు. ఆకుపచ్చ మీద తెల్లగీత ఉన్న తీగ కుడివైపుది, ఎర్రగీతది ఎడమవైపుది. ఇది లూకాస్ కాలం నుంచీ ఉన్న పద్ధతి. తెల్లగీత తీగకు తాకించగానే టెస్ట్ లాంపు ఆగి ఆగి వెలిగింది. కరెంటు బల్బు దాకా వస్తోంది. తిరిగి పోయే దారే లేదు.

"ఎర్త్ పోయింది" అన్నాడు.

బల్బు నుంచి బయటికొచ్చిన కరెంటు బ్యాటరీకి చేరేది బండి ఒంటి ఇనుము మీదుగానే. లైటు గిన్నెను బిగించిన బోల్టులే అక్కడ వంతెన. రంగు వేసినవాళ్లు లైట్లు విప్పి, గిన్నె కూర్చునే చోటు కూడా నున్నగా కొట్టి, ఎండాక బిగించేశారు. రంగులోంచి కరెంటు పారదు. మడవ మూసుకుపోతే నీళ్లు గట్టు తెగి పక్క చేలో పడ్డట్టు, ఇండికేటర్ కరెంటు అదే గిన్నెలోని ఎర్రబల్బులోకి వెనక్కి ఎక్కి, ఆ తీగ వెంట ఎడమవైపు ఎర్రబల్బుకు పోయి, అక్కడ ఎర్త్ పట్టుకుంది. ఇన్ని బల్బులు దాటి పోయే కరెంటుకు బలమేముంటుంది? వెలగాల్సినది వెలగలేదు, వెలగకూడనిది మిణుకుమంది.

మిస్త్రీ ఒక తీగ ముక్క తీసుకుని ఒక కొన డిక్కీలో గీకిన ఇనుముకు, రెండో కొన లైటు గిన్నెకు ఆనించాడు. పసుపు దీపం భగ్గున వెలిగింది. ఫ్లాషర్ చప్పుడు కుదురుకుంది. పెద్దాయన నోట మాటలేదు, మనవడి భుజం పట్టుకున్నారు.

ఇక పని మొదలైంది. గిన్నె ఊడదీసి, బోల్టు రంధ్రం చుట్టూ ఎమరీ పేపరుతో రంగు గీకితే ఇనుము మెరిసింది. పళ్ల వాషరు వేసి, తుప్పు పట్టకుండా పైన వాజలీన్ రాశాడు. అది చాలదని గిన్నె నుంచి బాడీకి వేరే నల్లతీగ కూడా బిగించాడు. తర్వాత గడియారం చూస్తూ మెరుపులు లెక్కపెట్టాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం నిమిషానికి 60కి తగ్గకూడదు, 120కి మించకూడదు. ఆ హద్దుల్లోనే ఉంది.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి, మన పిల్లలకు ఆ పనీ రావాలి. కానీ ఒక తీగనూ ఒక బల్బునూ పట్టుకుని కరెంటు వెంట నడవగల ఇలాంటి చేతుల దగ్గర వాళ్లు కొన్నాళ్లు కూర్చోవాలని నాకు గట్టిగా ఉంది.

"ఎంతియ్యాల మిస్త్రీ?" అన్నారు పెద్దాయన.

"అప్పుడేనా? ఎడమది, ముందర రెండూ కూడా ఇప్పాల."

"అవి వెలుగుతాండాయి కదప్పా?"

"బోల్టు మర యాడో ఇనుముకు తగులుతాంది కాబట్టి వెలుగుతాండాయి. ఈ రంగే కదన్నా వాటి కిందా ఉండేది. నాయనా, ఈ స్క్రూలు డబ్బాలో ఎయ్యి, ఒక్కటీ పోకూడదు."