విండ్‌షీల్డ్ వాషర్

విండ్‌షీల్డ్ వాషర్ అనగా మోటారు వాహనపు ముందు అద్దం మీద నీటిని చిమ్మి, వైపరు ఆ అద్దాన్ని శుభ్రంగా తుడవడానికి వీలు కల్పించే ఏర్పాటు. దీనిని విండ్‌స్క్రీన్ వాషర్ అని కూడా అంటారు. నీటి ట్యాంకు, చిన్న విద్యుత్ పంపు, సన్నని గొట్టాలు, అద్దం దిగువన ఉండే నాజిళ్ళు ఇందులోని ముఖ్య భాగాలు. కారులోని చౌకైన వ్యవస్థలలో ఇది ఒకటి కావడంతో దీని సంగతి చాలామంది పట్టించుకోరు. కానీ తొలకరి చినుకులలో ముందు వెళ్ళే లారీ చక్రాల నుండి ఎగిరిన బురద అద్దం నిండా పడినపుడు, నీరు లేకుండా వైపరు తిప్పితే ఆ బురద అద్దమంతా పూసినట్లవుతుంది. ఎదురుగా ఉదయపు ఎండ గానీ, రాత్రివేళ ఎదుటి వాహనపు హెడ్‌లైటు గానీ పడితే కొన్ని క్షణాల పాటు రోడ్డు ఏమాత్రం కనిపించదు. పైగా పొడి దుమ్ము మీద వైపరు ఆడితే అందులోని ఇసుక రేణువులు అద్దాన్ని గీరుతాయి. ఆ గీతలు ఇక పోవు.

చరిత్ర

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్ 1903లో చేతితో తిప్పే వైపరుకు పేటెంటు పొందింది. నీటిని చిమ్మే పరికరం రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. వైపర్ల తయారీలో పేరు పొందిన ట్రైకో అనే అమెరికన్ సంస్థ 1936లో వాషరును ప్రవేశపెట్టింది. తొలినాటి వాషర్లన్నీ విద్యుత్తుతో నడిచేవి కావు. చేతితో గానీ, కాలితో గానీ నొక్కే రబ్బరు బుడ్డితో కొన్ని పనిచేసేవి. వోక్స్‌వాగన్ బీటిల్ కారులో మరీ విచిత్రమైన ఏర్పాటు ఉండేది. అందులో స్పేర్ టైరులోని గాలి ఒత్తిడే నీటిని పైకి నెట్టేది. టైరులో గాలి మరీ తగ్గిపోకుండా ఒక వాల్వు అడ్డుకునేది.

పనిచేసే విధానం

స్టీరింగు పక్కనున్న మీటను తన వైపు లాగినపుడు స్విచ్చి కలిసి, బ్యాటరీ నుండి వచ్చే 12 వోల్టుల విద్యుత్తు పంపు మోటారుకు చేరుతుంది. పంపు సాధారణంగా ట్యాంకు అడుగుభాగాన ఒక రబ్బరు వాషరులో బిగించి ఉంటుంది. అది నెట్టిన నీరు గొట్టాల ద్వారా నాజిళ్ళకు చేరి అద్దంపై పడుతుంది. అదే సమయంలో వైపర్లు కూడా రెండు మూడు సార్లు ఆడతాయి. మీట వదిలిన తరువాత గొట్టంలోని నీరు వెనక్కి జారిపోకుండా చాలా కార్లలో ఒకవైపు మాత్రమే తెరుచుకునే చిన్న వాల్వు ఉంటుంది. మీట లాగిన చాలాసేపటికి గానీ నీరు రాకపోతే ఈ వాల్వు పాడైందని అనుమానించవచ్చు.

వెనుక అద్దానికి కూడా వాషరు ఉన్న హ్యాచ్‌బ్యాక్ కార్లలో చాలావాటికి ఒకే పంపు ఉంటుంది. మోటారు ఒక దిశలో తిరిగితే ముందుకు, రెండో దిశలో తిరిగితే వెనక్కి నీరు పోతుంది.

నీరు చిమ్మకపోవడానికి కారణాలు

వాషరు పనిచేయడం లేదనగానే పంపు కాలిపోయిందని భావించి కొత్తది వేయించడం పరిపాటి. నిజానికి పంపును అన్నింటికంటే చివర అనుమానించాలి. మొదట చూడవలసినది ట్యాంకులో నీరు ఉన్నదా లేదా అని. ఇది హాస్యంగా తోచవచ్చు, కానీ నెలల తరబడి ట్యాంకు మూత తీయని వారు తక్కువేమీ కాదు. ట్యాంకులో నీరు పోసిన రెండు రోజులకే ఖాళీ అవుతుంటే ట్యాంకు పగిలిందో, పంపు దగ్గరి రబ్బరు వాషరు ఎండిపోయి కారుతోందో చూడాలి.

నీరు ఉన్నపుడు తదుపరి పరీక్ష చెవితో చేయవలసినది. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, ఒకరు మీట లాగుతుండగా మరొకరు బానెట్ దగ్గర నిలబడి వినాలి. సన్నని గుర్రుమనే మోటారు శబ్దం వస్తే విద్యుత్తు సక్రమంగా అందుతున్నట్లే. అప్పుడు లోపం నీటి దారిలో ఉంటుంది. శబ్దం రాకపోతే లోపం విద్యుత్తు దారిలో ఉంటుంది, లేదా మోటారు పట్టేసి ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

మోటారు తిరుగుతూ నీరు రాకపోతే, బానెట్ ఎత్తి నాజిలు దగ్గర గొట్టాన్ని ఊడదీసి మళ్ళీ మీట లాగించాలి. గొట్టం నుండి నీరు ధారగా వస్తే నాజిలు మూసుకుపోయిందని అర్థం. రాకపోతే గొట్టం వెంట ట్యాంకు వైపు వెనక్కి చూసుకుంటూ పోవాలి. గొట్టం అతుకు దగ్గర ఊడిపోవడం, బానెట్ కీలు దగ్గర మడత పడి నలగడం తరచుగా కనిపిస్తాయి. కారును ఇంటి ముందు రోజుల తరబడి నిలిపినపుడు ఎలుకలు బానెట్‌లో చేరి గొట్టాలనూ, తీగలనూ కొరికివేయడం మన ప్రాంతంలో బాగా తెలిసిన బెడద. వెనుక వాషరు గొట్టం డిక్కీ తలుపు కీలు వద్ద పదే పదే వంగి తెగుతుంది. అప్పుడు నీరు అద్దంపై పడకుండా డిక్కీ లోపల కారుతుంది. గొట్టాలన్నీ బాగున్నా నీరు రాకపోతే, పంపు మూలాన ఉండే చిన్న జల్లెడ పాచితో మూసుకుపోయి ఉంటుంది. పంపును బయటకు లాగినపుడు ట్యాంకులోని నీరంతా కారిపోతుంది గనుక కింద బకెట్ పెట్టుకోవాలి.

నాజిలు రంధ్రాన్ని గుండుసూదితో మెల్లగా శుభ్రం చేయవచ్చు. బలంగా గుచ్చితే రంధ్రం పెద్దదై ధార దారి తప్పుతుంది. నీటిని విసనకర్రలా పరిచే రకం నాజిళ్ళలో సూది పెట్టకూడదు. వాటిని ఊడదీసి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడగడం మంచిది. పంపు నుండి వచ్చే గొట్టం తగిలించి ఉండగా బయటి నుండి గాలి కొడితే మట్టి గొట్టంలోకి పోతుంది.

మోటారు శబ్దమే లేనపుడు ముందుగా ఫ్యూజు చూడాలి. కొన్ని కార్లలో వైపరుకూ వాషరుకూ ఒకే ఫ్యూజు ఉంటుంది, కనుక వైపరు కూడా ఆగిపోతే ఫ్యూజు మీద అనుమానం బలపడుతుంది. కాలిన ఫ్యూజు స్థానంలో అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఇళ్ళలో ఫ్యూజు పోతే ఏదో ఒక రాగి తీగ చుట్టే అలవాటును కారులో పాటిస్తే తీగలు వేడెక్కి మంటలు రేగవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే తీగలు ఎక్కడో తాకుతున్నాయి, లేదా మోటారు పట్టేసింది. ఫ్యూజు బాగున్నపుడు పంపు కనెక్టరును విప్పి దాని రెండు కొనలకు టెస్ట్ ల్యాంపు తగిలించి మీట లాగాలి. దీపం వెలిగితే విద్యుత్తు అందుతోంది, పంపే చెడిపోయింది. వెలగకపోతే స్విచ్చి, తీగలు, ఎర్త్ కనెక్షన్లలో వెతకాలి. ఒకే పంపుతో ముందూ వెనుకా పనిచేసే కార్లలో ఒకవైపు నీరు వస్తూ రెండోవైపు రాకపోతే పంపును మార్చడానికి ముందు ఆ వైపు గొట్టం, నాజిలు చూడాలి.

ట్యాంకులో నీరు లేకుండా పంపును ఎక్కువసేపు తిప్పితే అది నిజంగానే పాడవుతుంది. కొద్ది క్షణాలలో నీరు రాకపోతే మీట వదిలివేయాలి.

ఏ నీరు పోయాలి

బోరు నీరు పోయడమే నాజిళ్ళు మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం. తెలుగు ప్రాంతాలలో అనేక చోట్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికం. బానెట్ వేడికి నాజిలు కొనలోని నీరు ఆవిరైనపుడల్లా కొంత తెల్లని సుద్ద అక్కడ మిగిలిపోతుంది. ఆర్.ఓ. నీరు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ వాడి, అందులో వాషర్ ద్రావకం కలిపితే ఈ ఇబ్బంది ఉండదు. బట్టల సబ్బు పొడి కలపడం వలన నురుగు, జిగురు మిగులుతాయి.

ఉత్త నీటితో మరో ప్రమాదం కూడా ఉంది. గోరువెచ్చని నిలవ నీటిలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. నీటి తుంపరల ద్వారా ఇది ఊపిరితిత్తులకు చేరి తీవ్రమైన న్యుమోనియాను కలిగిస్తుంది. వాషరులో ద్రావకం కలపకుండా ఉత్త నీరు వాడే వాహనాలకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు బ్రిటన్‌లోని అప్పటి హెల్త్ ప్రొటెక్షన్ ఏజెన్సీ 2010లో వెల్లడించిన అధ్యయనం తెలిపింది.

వాషరు ట్యాంకు మూతపై అద్దం, నీటి ఫౌంటెన్ గుర్తు ఉంటాయి. పక్కనే ఉండే కూలెంట్ ట్యాంకును చూసి పొరబడరాదు. ఇంజను వేడిగా ఉన్నపుడు కూలెంట్ మూత తీస్తే మరిగే ద్రవం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చలి దేశాలలో

అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ, కెనడాలోనూ స్థిరపడిన తెలుగువారికి ఎదురయ్యే సమస్య వేరు. వేసవిలో పోసిన ద్రావకం శీతాకాలంలో గడ్డకట్టి పంపును పట్టేస్తుంది. అప్పుడు మీట లాగితే ఫ్యూజు పోతుంది. వేడినీళ్ళు అద్దం మీద పోస్తే అద్దం పగలవచ్చు, కాబట్టి కారును వెచ్చని గ్యారేజీలో ఉంచి కరగనివ్వడమే మార్గం. అక్కడ దుకాణాలలో సున్నా కంటే 29 డిగ్రీల సెల్సియస్ దిగువ వరకు గడ్డకట్టని ద్రావకం దొరుకుతుంది. వీటిలో చాలావాటిలో ఉండే మిథనాల్ విషపదార్థం. కొద్ది పరిమాణంలో తాగినా చూపు పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. నీలం రంగులో షర్బత్తులా కనిపించే ఈ ద్రావకాన్ని తాగునీటి సీసాలలో నింపి ఉంచకూడదు, పిల్లలకు అందనీయకూడదు. ఐరోపా సమాఖ్యలో 2019 మే నుండి సాధారణ వినియోగదారులకు అమ్మే వాషర్ ద్రావకాలలో మిథనాల్ 0.6 శాతానికి మించరాదని నిబంధన అమలులోకి వచ్చింది.