హోటల్ బార్లు: తెలుగు నగరాల్లో చరిత్ర

బస చేసే గదులున్న పెద్ద హోటల్లో, అదే కప్పు కింద, ఎక్సైజు లైసెన్సుతో మద్యం పోసే చోటు హోటల్ బారు. తెలుగునాట ఇది హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ముందు వెలిసి, విశాఖపట్నం, విజయవాడలకు ఆలస్యంగా చేరింది. ఆ ఆలస్యానికి జనం అభిరుచులు కారణం కావు, చట్టమే కారణం. కోస్తాలోని నూజివీడు నుంచి చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మామిడి తోటల నడుమనున్న ఈ పట్టణం ఇరవయ్యో శతాబ్దంలో రెండుసార్లు సంపూర్ణ మద్యనిషేధం కిందికి వెళ్లి, రెండుసార్లూ బయటికొచ్చింది. మొదటిసారి హైదరాబాదులో బార్లు తెరిచే ఉన్నాయి. రెండోసారి అక్కడా మూతపడ్డాయి.

నిజాం రాజ్యం, కంటోన్మెంటు

నిజాం రాజ్యంలో మద్యం ఆబ్కారీ శాఖ చేతిలో ఉండేది, ఖజానాకు అదొక ప్రధాన ఆదాయం. సామాన్యులకు కల్లు కాంపౌండు, సారా దుకాణం. విస్కీ, బ్రాందీ, షాంపేను లాంటివి దొరల వంతు. సికింద్రాబాదులో 1806 నుంచీ బ్రిటిషు దండు మకాం ఉంది గనుక అక్కడ క్లబ్బులు ముందు పుట్టాయి. సికింద్రాబాదు క్లబ్బు 1878 నాటిది. పోలో ఆడటానికి హైదరాబాదు వచ్చిన కుర్ర సైనికాధికారుల్లో విన్‌స్టన్ చర్చిల్ ఒకడు.  క్లబ్బు సభ్యులది, హోటల్ బారు డబ్బున్న ఎవరిదైనా. రెంటికీ తేడా అంతే అనిపిస్తుంది గాని, ఆ తేడా దాటడానికి హైదరాబాదుకు చాలా ఏళ్లు పట్టింది.

దాటించిన వాటిలో ముఖ్యమైనది రిట్జ్ హోటలు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదివొచ్చిన సర్ నిజామత్ జంగ్ 1915లో నౌబత్ పహాడ్ పక్కన కోటలాంటి భవనం కట్టించుకున్నాడు. దాని పేరు హిల్ ఫోర్ట్ ప్యాలెస్. తర్వాత అది నిజాం చిన్న కొడుకు మొఅజ్జం జా నివాసమైంది. రాజ్యం భారతదేశంలో కలిసిపోయాక, 1950ల్లో, అదే భవనం రిట్జ్ హోటలుగా మారి 1990ల చివరిదాకా నడిచింది. అసెంబ్లీకి దగ్గర్లో ఉండటం దానికి బాగా కలిసొచ్చింది.

ఒకే రాష్ట్రం, రెండు చట్టాలు

కోస్తా కథ వేరు, అప్పట్లో అది మద్రాసు కింద ఉండేది. రాజాజీ ప్రభుత్వం 1937లో మద్రాసు మద్యనిషేధ చట్టం తెచ్చి ముందు సేలం జిల్లాలో అమలు చేసింది. మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. కృష్ణా జిల్లాలో, అందులోని నూజివీడులో, కల్లు గీయడం కూడా నేరమైపోయింది. 1953 జూన్‌లో విడుదలైన ‘దేవదాసు’లో అక్కినేని నాగేశ్వరరావు తాగి తూలుతుంటే హాళ్లలో కన్నీళ్లు పెట్టుకున్న కోస్తా ప్రేక్షకులు, చట్ట ప్రకారం, చుక్క ముట్టకూడని వాళ్లు. నిషేధంలో ఉన్న జనానికి తాగుబోతు అంత ఇష్టమైన నాయకుడు కావడం గురించి సినిమా చరిత్రకారులు ఇంకొంచెం రాయాల్సింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ విషయం మీదే ప్రభుత్వం పడిపోయింది. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫార్సును పక్కన పెట్టినందుకు 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, చట్టాలు మాత్రం కలవలేదు. ఆంధ్ర జిల్లాల్లో నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ. విజయవాడలో జేబులో సీసా దొరికితే కేసు. రైలెక్కి హైదరాబాదులో దిగిన అదే మనిషికి రిట్జ్‌లో గ్లాసు, మంచు ముక్కలు, మర్యాద. రాజధానికి పనుల మీద వెళ్లిన కోస్తా కంట్రాక్టర్లు, షావుకార్లు, శాసనసభ్యులు హోటల్ బారును ఊరుగాని ఊరి వ్యవహారంగా చూడటం అప్పుడే అలవాటైంది. ఆ తర్వాత చట్టం మారినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. ఇక్కడ నూజివీడు ప్రస్తావన తప్పదు. జమీందారీ కుటుంబానికి చెందిన మేకా రంగయ్యప్పారావు, నూజివీడు శాసనసభ్యుడిగా, 1960ల మొదట్లో రాష్ట్ర ఎక్సైజు, మద్యనిషేధ మంత్రిగా పనిచేశారు. ఒక చేత్తో తెలంగాణలో మద్యం మీద సుంకం వసూలు చేయాలి, ఇంకో చేత్తో ఆంధ్రలో మద్యం పట్టుకోవాలి. అంత విచిత్రమైన శాఖ మరొకటి లేదు. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

ఆ విశ్వవిద్యాలయమున్న విశాఖలో 1968లో పార్క్ హోటల్ తెరుచుకుంది. సముద్రపు ఒడ్డున, నక్షత్రాల హోటలు, నిషేధమున్న గడ్డ మీద. మరుసటేడే, కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వ కాలంలో, ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు.

పెగ్గు, క్వార్టరు

1970, 80ల్లో హైదరాబాదు బంజారాహిల్స్‌లో పెద్ద హోటళ్లు వరసగా వచ్చాయి: బంజారా, తర్వాత తాజ్ కృష్ణగా పేరు మారిన కృష్ణా ఒబెరాయ్. బేగంపేటలో, తర్వాత ఐటీసీ కాకతీయ అయిన కాకతీయ షెరటన్ నిలబడింది. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే పై తరగతి నక్షత్రాలకు బారు ఉండటం ఒక షరతు కావడంతో, అవి కావాలన్న యజమాని బారు పెట్టక తప్పేది కాదు.

కోస్తా పట్టణాల్లో మాత్రం ‘బార్ అండ్ రెస్టారెంట్’ పెరిగింది, హోటల్ బారు కాదు. రెంటికీ తేడా కొలతలోనే ఉంది. బార్ అండ్ రెస్టారెంటులో గిరాకీ ‘క్వార్టరు’ అడుగుతాడు, అంటే 180 మిల్లీలీటర్ల సీసా. మూత తన కళ్ల ముందే తీయాలి, నీళ్లు కలిపారన్న అనుమానం ఉండకూడదు. సగం తాగి మిగిలింది జేబులో పెట్టుకు పోయేవాళ్లూ ఉంటారు. స్టార్ హోటల్లో సీసా బార్‌మన్ దగ్గరే ఉంటుంది. 30 మిల్లీలీటర్లయితే స్మాల్, 60 అయితే లార్జ్, లెక్క బిల్లులో. కొలత పోసేవాడి చేతిలో ఉందంటే నమ్మకం కూడా అక్కడే పెట్టాలి. విజయవాడ బందరు రోడ్డు మీద ఏసీ హోటళ్లు వచ్చాక కూడా చాలామంది సీసాకే మొగ్గారు. ఇందులో పల్లెటూరితనమేమీ లేదు. కల్తీ సారా చావులు చూసిన జనం అలాగే ఉంటారు. ‘సిట్టింగు’ వేయడమంటే కూడా గుట్టుగా, చీకటి మూలన, నలుగురితో. అద్దాల కిటికీ పక్కన కూర్చునే పద్ధతి కాదది. ఆడవాళ్లకు పక్కన ‘ఫ్యామిలీ సెక్షన్’ అని వేరే గది, అందులో మందు ఉండదు.

ఆడవాళ్ల సంగతిలో ఢిల్లీలో మొదలైన కేసు దేశానికంతటికీ పనికొచ్చింది. బార్లలో స్త్రీలకు ఉద్యోగమివ్వరాదన్న పంజాబు ఎక్సైజు చట్టంలోని సెక్షనును 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. హోటల్ మేనేజిమెంటు చదివిన అమ్మాయి బార్ కౌంటరు వెనక నిలబడటం ఇవాళ వింత కాదు.

రెండో నిషేధం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. మరుసటేడు డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి.రామారావు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి తెచ్చారు. ఈసారి హైదరాబాదుకూ మినహాయింపు లేదు. పల్లె ఆడవాళ్ల పోరాటం సారా పాకల మీద. దాని దెబ్బ నక్షత్రాల హోటళ్లకూ తగిలింది. చంద్రబాబునాయుడు ప్రభుత్వం 1997లో నిషేధం ఎత్తేసింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఈ రెండు సంఘటనల మధ్య దూరం తక్కువ కావడం యాదృచ్ఛికమని గట్టిగా చెప్పడం కష్టం.

హైటెక్ సిటీ తర్వాత

2006లో నొవోటెల్, 2009లో వెస్టిన్, 2012లో పార్క్ హయత్, 2018లో ఐటీసీ కోహినూర్ వచ్చాయి. హోటల్ బారు బేగంపేట నుంచి మాదాపూరు దిక్కుకు జరిగింది. ఐటీసీ కాకతీయలో ‘డబ్లిన్’ ఐరిష్ పబ్బు తీరులో నడిచింది. హుస్సేన్‌సాగర్ ఎదురుగా 2010లో తెరిచిన ది పార్క్ నిజాం నగల నమూనాలను అలంకారంలోకి తెచ్చింది. అదే ఏడాది నవంబరులో ఫలక్‌నుమా ప్యాలెస్ తాజ్ హోటలుగా మారింది. వికారుల్ ఉమ్రా కట్టించిన ఈ భవనాన్ని ఆరో నిజాం 1897లో తీసుకున్నాడు. నూటొక్కమంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్ల అందులో ఉంది. అందంలో దానికి సాటి లేదు, కానీ అక్కడ కూర్చున్నవాడికి నగరం దూరంగా దీపాల్లాగే కనిపిస్తుంది. నగరాన్ని తెలుసుకోవాలంటే మాదాపూరు బారే నయం.

ఈ బార్లలో ఎండాకాలం మామిడి కాక్‌టెయిళ్లు వస్తాయి. నూజివీడు చిన్న రసం వాటిలోకి చేరే అవకాశం తక్కువ. అది చేతిలో నలిపి పీల్చే పండు, నిలవ ఆగదు. గుజ్జు పరిశ్రమకు వెళ్లేది ఎక్కువగా తోతాపురి. నూజివీడు రైతు నోట అది కలెక్టరు కాయ.

విభజన తర్వాత

2014 జూన్ 2 తర్వాత రెండు రాష్ట్రాలు, మళ్లీ రెండు విధానాలు. రహదారికి 500 మీటర్లలోపు మద్యం అమ్మరాదన్న సుప్రీంకోర్టు 2016 డిసెంబరు తీర్పు మరుసటేడు ఏప్రిల్ 1 నుంచి బార్లకూ వర్తించింది. నగరపాలక పరిధుల్లో దాన్ని సడలిస్తూ జూలైలో వివరణ వచ్చింది. 2019 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, దశలవారీ నిషేధం మాట వినిపించింది, తెలిసిన బ్రాండ్లు చాలావరకు కనపడకుండా పోయాయి. తిరువూరు దాటి తెలంగాణ వైపు సత్తుపల్లికి వెళ్లొచ్చినవాళ్లకు 1956 తర్వాతి పాత హద్దు మళ్లీ లేచినట్టయింది. విజయవాడలో అప్పుడప్పుడే తలెత్తుతున్న స్టార్ హోటళ్ల బార్లకు అది మంచికాలం కాదు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారినా, పెద్ద హోటలు కావాలంటే చూపు విజయవాడ మీదే. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాయి. 2025 సెప్టెంబరు నుంచి కొత్త బార్ల విధానం అమల్లోకి వచ్చింది. అందులో పదిశాతం లైసెన్సులు గీత కులాలకు కేటాయించారు.